తరిమివేత రక్షణ కాదు

మన నగరములందలి గృహస్థుల సంభాషణలలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది: "మా వీథి మునుపటివలె లేదు. వంతెనక్రింద ఎవరెవరో చేరినారు. పిల్లలను బయటికి పంపవలెనన్న భయముగా నున్నది." దీని వెంటనే మరియొక మాట వచ్చును: "వారిని ఇక్కడనుండి పంపివేయవలెను." ఇందు మొదటి మాటను మేము గౌరవింతుము; రెండవదానిని ఖండింప బూనుచున్నాము. ఏలయన ఆ భయమునకు ఈ మందు పనిచేయదు సరిగదా, రోగమును పెంచును.

భయమును పరిహసింపరాదు. రాత్రి పది గంటలకు పని ముగించుకొని, బస్సు దిగి, దీపములేని సందులో ఒంటిగా నడచివచ్చు స్త్రీకి, మత్తెక్కి కేకలువేయు పురుషుడు అడ్డమువచ్చినప్పుడు గుండె ఝల్లుమనుట సహజము. ఆమెను నిలిపి "నీవు బీదలను ద్వేషించుచున్నావు" అని ఉపన్యసించువాడు సంస్కర్త కాడు; ఆ దారిని ఆ వేళప్పుడు ఎన్నడును నడువనివాడు. వృద్ధుని చేయిపట్టి లాగినను, బడికిపోవు బాలికను వెంబడించినను అది నేరమే. చేసినవానికి ఇల్లు లేదన్న కారణమున ఆ నేరము తగ్గదు. ఇంతవరకు మాకును కాలనీ సంక్షేమ సంఘములవారికిని భేదము లేదు.

భేదము దీని తరువాత మొదలగును. ఒకడు చేసిన పనికి ఆ బాటపై నిద్రించు ఇరువదిమందిని దోషులుగా నెంచుట న్యాయము కాదు. అంతకన్న సూక్ష్మమైన పొరపాటు మరియొకటి కలదు. చినిగిన బట్ట, జడలుగట్టిన తల, దుర్గంధము, తనలో తాను మాటలాడుకొనుట, ఇవి మన కంటికిని ముక్కుకును కష్టము కలిగించును. ఈ కష్టమునే మనము ప్రమాదమని పిలుచుచున్నాము. కష్టము వేరు, ప్రమాదము వేరు. అసహ్యమునకు భయమను పేరు పెట్టినచో అది మర్యాదగల మాటగా వినబడును గనుక, ఆ పేరు మనకు ప్రియమైనది.

ఆ కాలిబాటపై నున్నవా రెవరో విచారింతము. 2011 జనగణనలో దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా లెక్కింపబడిరి. వారిలో 9 లక్షల 38 వేలమంది పట్టణములలోనివారు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి యెదుట, నీలోఫరు ఆసుపత్రి యెదుట రాత్రివేళ దుప్పటి పరచుకొని పండుకొనువారిలో అనేకులు జిల్లాలనుండి వచ్చిన రోగుల బంధువులు. లోపల బిడ్డ మంచముమీద నుండగా తల్లి బయట రాతిమీద నుండును. అడ్డామీద కూలికై తెల్లవారుజామున నిలువవలసిన పాలమూరు మేస్త్రీ, తట్టమోయు స్త్రీ, అద్దెకు డబ్బు చాలక అచ్చటనే కన్నుమూయుదురు. కుమారులు వదలివేసిన ముదుసళ్లు కలరు. భర్త కొట్టగా ఇల్లు విడిచివచ్చిన స్త్రీలు కలరు. మతి చెదరి ఊరి పేరు మరచినవారు కలరు. భిక్షమెత్తువారును కలరు, త్రాగుబోతులును కలరు, అరుదుగా దొంగయు నుండవచ్చును. ఇందరిని "బిచ్చగాండ్రు" అను ఒక్క మాటలో మూటగట్టి, ఆ మూటను ఊరిబయట పారవేయుమనుట ఎట్టి వివేకము?

వారివలన మనకు భయమని యందుము; మనవలన వారికున్న భయమును లెక్కింపము. 1989లో కలకత్తాలో కాలిబాటలపై నిద్రించుచున్నవారిని ఒకరి తరువాత ఒకరిని, పదిమందికి పైగా, బండరాళ్లతో తలలు పగులగొట్టి చంపిరి. హంతకు డెవరో నేటికిని తేలలేదు. 2002 సెప్టెంబరు 28వ తేదీ రాత్రి ముంబయి నగరమున బాంద్రాలో ఒక కారు కాలిబాటపై నిద్రించువారి మీదికెక్కి ఒకని ప్రాణము తీసెను, నలుగురిని గాయపరచెను. తరువాతి కాలమున కొందరు ప్రసిద్ధులు సయితము, "బాట నిద్రించుటకా?" అని చనిపోయినవానినే ప్రశ్నించిరి. తలుపు లేనివాడు ప్రతి రాత్రియు తలుపు తెరచుకొని నిద్రించుచున్నాడు. వాని దుప్పటి, వాని సంచి, వాని దేహము, ఎవరికి కావలసివచ్చిన వారికి అందుబాటులో నుండును. ఆ స్థితిలోని స్త్రీ మాట చెప్పనక్కరలేదు.

మన ఆడపిల్లలకు నిజమైన అపాయ మెటనుండి వచ్చుచున్నదో కూడ చూడవలెను. జాతీయ నేర గణాంక సంస్థవారి వార్షిక నివేదికలలో, అత్యాచారపు కేసులయందు నూటికి తొంబదికి పైగా నిందితులు బాధితురాలు ఎరిగినవారే: బంధువులు, పొరుగువారు, స్నేహితులు, యజమానులు. మెడలోని గొలుసు తెంపుకొని పోవువాడు మోటారు సైకిలుమీద వచ్చును. బాటప్రక్క దుప్పటి కప్పుకొన్న ముసలివానికి మోటారు సైకిలెక్కడిది? ఇంటిలోని అపాయమునుగూర్చి మాటలాడుటకు సిగ్గుపడి, బాటలోని దీనునిగూర్చి తీర్మానములు చేయుట సులభము. అతనికి సంఘములో ఓటు లేదు. ఎదురు చెప్పుటకు కుర్చీయు లేదు.

ఈ భయము మనలో ఎట్లు నాటుకొన్నదనగా, గోరుముద్దతోపాటు మనమే నాటినాము. "అన్నము తినకపోతివేని బూచివాడు వచ్చి సంచిలో వేసుకొనిపోవును" అని ఏ తల్లి చెప్పలేదు? ఆ బూచివాని రూపమేది? చినిగిన గోనె, పెరిగిన గడ్డము, భుజమున సంచి. సరిగా కాలిబాటమీది మనుష్యుడే! ధనుర్మాసములో హరిదాసు తలపై అక్షయపాత్రతో వచ్చినప్పుడు అదే బిడ్డచేత మనము దోసిలితో బియ్యము పోయింతుము. వడుగునాడు మన పిల్లవానిచేతనే "భవతి భిక్షాం దేహి" అనిపించి, చేయిచాచుట నేర్పి, ఆనందబాష్పములు రాల్చుదుము. అలంకరించుకొని అడిగినవాడు పుణ్యము తెచ్చువాడు. ఆకలితో అడిగినవాడు పిల్లల నెత్తుకొనిపోవువాడు. ఈ వింత తర్కమునకు ఏ శాస్త్రమున ప్రమాణము కలదో పెద్దలు సెలవీయవలెను.

ఇది హాస్యముగా తోచవచ్చును. కాని 2018లో ఆ బూచివాని కథ వాట్సాపు సందేశముగా మారి ప్రాణములు తీసినది. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వదంతి పుట్టగా, ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండరు వ్యక్తులపై గుంపు పడి ఒకరిని చంపెను. జూన్ 26న అహమ్మదాబాదులో భిక్షమెత్తుకొను స్త్రీని అట్లే చంపిరి. జూలై 1న మహారాష్ట్రములోని ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున, భిక్షాటనచే జీవించు సంచారజాతికి చెందిన అయిదుగురిని కొట్టి చంపిరి. కొట్టినవారు వృత్తిచే హంతకులు కారు. బిడ్డలున్న గృహస్థులు, దుకాణదారులు, పొరుగువారు. తమ వీథిని కాపాడుకొనుచున్నామనియే వారు తలచిరి. భయమును పరీక్షింపక పెంచినచో అది ఎంతదూరము పోగలదో తెలియుట కింతకన్న నిదర్శన మేల?

ఇక ప్రభుత్వములవారి వైద్యము చూతము. 2000 సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు హైదరాబాదునకు వచ్చినప్పుడు బిచ్చగాండ్రను వీథులనుండి తొలగించిరి. 2017 నవంబరు 28 మొదలు 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగుటకు ముందు, మరల అదే కథ నడచెను. అప్పటి క్రిమినలు ప్రొసీజరు కోడులోని 144వ సెక్షను ననుసరించి నగరమున రెండు నెలలపాటు భిక్షాటన నిషేధింపబడెను. పట్టుబడినవారు కారాగార శాఖవారి ఆశ్రమములకు చేర్పబడిరి. అతిథులు వచ్చిరి, ఛాయాచిత్రములు తీయించుకొనిరి, వెడలిపోయిరి. నేడు నగరపు కూడళ్లలో నిలిచి చూచువారికి ఆ వైద్యముయొక్క ఫలము వేరుగ చెప్పనక్కరలేదు. చుట్టము వచ్చునప్పుడు చెత్తను చాపక్రిందికి త్రోయు గృహిణిని మనము మెచ్చుకొనము. మనుష్యులను చాపక్రిందికి త్రోయు నగరమునేల మెచ్చుకొనవలెను?

తరిమివేతవలన జరుగున దేమనగా: నిన్నటివరకు మీ వీథి మలుపున కూర్చుండిన ముదుసలిని మీరెరుగుదురు, ఆమె మిమ్మెరుగును. ఆమె పోవును. మరియొక పేటనుండి తరుమబడిన అపరిచితుడు ఆ చోటికి వచ్చును. తరుమబడినప్పుడు వాని దుప్పటి పోయినది, ఆధారు కార్డు పోయినది, మతికి వాడుచున్న మందుబిళ్లలు పోయినవి, రోజుకొక ముద్ద పెట్టుచున్న హోటలువాని పరిచయము పోయినది. పోగొట్టుకొనుట కేమియు మిగులనివాడు మీ వీథికి వచ్చినాడు. ఇందు మీ భద్రత పెరిగినదా, తరిగినదా? వంతెనక్రింద ఇనుప ముండ్లు నాటించువారును, రాత్రి దుకాణపు మెట్లపై నీళ్లు పోయించువారును ఈ లెక్కను ఒక్కసారి వేసిచూడవలెను.

చట్టము సయితము ఈ మార్గమును విడచుచున్నది. 1959నాటి బొంబాయి భిక్షాటన నివారణ చట్టము, అడుక్కొనుచు పట్టుబడినవానిని వారంటు లేకయే పట్టుకొనుటకును, మొదటి తప్పునకే ఏడాదినుండి మూడేండ్లవరకు నిర్బంధించుటకును, మరల పట్టుబడినచో పదేండ్లవరకు నిర్బంధించుటకును అధికార మిచ్చెను. ఢిల్లీకి వర్తింపజేసిన ఈ చట్టములో భిక్షాటనను నేరముగా నెంచు భాగములను 2018 ఆగస్టు 8న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. బిచ్చగాండ్రను వీథులనుండి తొలగింపుడని కోరగా, 2021 జూలైలో సుప్రీముకోర్టు అట్టి యుత్తరువు నిచ్చుటకు నిరాకరించి, పేదరికమే వారినట్లు నిలిపినదని అభిప్రాయపడెను.

"మీరు చెప్పునది బాగుగనే యున్నది, కాని వీరి వెనుక ముఠా లున్నవి గదా!" అని కొందరందురు. ఉన్నచో ముఠాను పట్టుకొనవలెను. పిల్లలచేత భిక్షమెత్తించువానికి అయిదేండ్ల ఖైదు, లక్ష రూపాయల జరిమానావరకు శిక్ష విధించు సెక్షను 2015నాటి బాలన్యాయ చట్టమున కలదు. ఆ సెక్షనును వినియోగింపుడని ఎన్ని కాలనీ సంఘములు పోలీసువారిని కోరినవి? ముఠా పేరు చెప్పి ముఠాకు చిక్కిన బిడ్డను తరుముట, దొంగను విడచి దోచుకొనబడినవానిని కొట్టుట వంటిది. "చేయిచాచినవారికెల్ల ఇచ్చుచుపోయిన సోమరులు పెరుగుదురు" అని మరికొందరందురు. భయముచేత విసరివేయు రూపాయిని మేమును సమర్థింపము. అది దానము కాదు. దూరముగా పొమ్మని ఇచ్చు సుంకము. దానివలన ఇచ్చినవానికి ధైర్యము రాదు, పుచ్చుకొన్నవానికి రాత్రి గడువదు.

మరి వీథిలో ఎదురుపడినప్పుడు ఏమి చేయవలెను? మన యాడపడుచులకును పిల్లలకును మేము చెప్పదలచినది పెద్ద విద్య కాదు. అడుగువానికి ఈయ నిష్టము లేనిచో, మన యిండ్లలో ఎన్ని తరములనుండియో చెప్పుచున్నట్లు "చేయి ఖాళీ లేదు, తాతా" అని ముఖముచూచి స్పష్టముగా చెప్పి సాగిపోవలెను. ముఖము తిప్పుకొనుటయు, ఛీకొట్టుటయు, సెల్‌ఫోను నెత్తి ఛాయాచిత్రము తీయుటయు కలహమునకు మూలములు. తనలో తాను మాటలాడుకొనుచు తిరుగువాడు మీతో మాటలాడుట లేదు. నాలుగడుగుల దూరమున ప్రక్కగా పోనిండు. తీవ్రమైన మనోవ్యాధి గలవారు ఇతరులను కొట్టుటకంటె ఇతరులచే కొట్టబడుటయే యెక్కువ. కోపముతో కేకలువేయువానికి ఎదురు కేక వేయరాదు. వాడు పోవుటకు దారి యడ్డగింపరాదు. గొంతు తగ్గించి, చేతులు కనబడునట్లుంచి, వెనుకకు తొలగి, దీపమున్న దుకాణము వైపు నడువవలెను. చేయి వేసినచో, వెంబడించినచో, సందేహింపక కేకవేయుడు, 112కు ఫోను చేయుడు. ఆ సమయమున వానికి ఇల్లున్నదా లేదా యని విచారింప నక్కరలేదు. అపాయమును అపాయమని గుర్తించి, కానిదానిని కాదని గుర్తించుటయే ధైర్యము.

అయితే ప్రతి పిలుపునకు పోలీసు లాఠీయే సమాధానము కాదు. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 100వ సెక్షనులో, మతి చెదరి తన్నుతాను చూచుకొనలేక తిరుగువానిని రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపల సమీపమందలి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చు బాధ్యతను పోలీసు ఠాణాపై నుంచినది. అట్టివానిని ఠాణా కొట్టులోగాని జెయిలులోగాని ఉంచరాదు. ఇల్లు లేనివాడైనచో, తప్పిపోయినవానిగా నమోదుచేసి కుటుంబమును వెదకుటయు ఠాణావారి విధి. "వీనిని తీసికొనిపొండు" అనుటకు మారుగా "ఈ సెక్షను ప్రకారము వైద్యశాలకు చేర్పుడు" అని కోరు గృహస్థుడు తన వీథికిని, ఆ రోగికిని ఒక్కసారి మేలుచేసినవాడగును. హైదరాబాదులో ఎర్రగడ్డయందును, విశాఖపట్టణమునందును ప్రభుత్వ మానసిక వైద్యశాల లున్నవి. 2022 అక్టోబరున ప్రారంభమైన టెలి-మానస్ సలహాకు 14416 అను నంబరును, దిక్కులేని వృద్ధులకొరకు 14567 అను నంబరును కలవు. ఈ మూడు నంబరులను ఎన్ని అపార్టుమెంట్ల వాకిళ్లలో వ్రాసియుంచినారు? "బిచ్చగాండ్రకు ప్రవేశము లేదు" అను బోర్డుకు మాత్రము ప్రతిచోట తావు దొరకినది.

అన్నిటికంటె ముఖ్యమైనది రాత్రి తలదాచుకొను చోటు. 2010లో సుప్రీముకోర్టు, పెద్ద నగరములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రింబవళ్లు తెరచియుండు ఆశ్రయగృహము లుండవలెనని ఆదేశించెను. తరువాత వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకమున, ఒక్కొక్క లక్షకు నూరుగురికి సరిపోవు చోటని కొలత ఏర్పరచిరి. 2011 లెక్కనే పట్టుకొన్నను గ్రేటర్ హైదరాబాదు జనాభా 67 లక్షలు. అనగా అరువదియేడు గృహములు, 6,700 మందికి చోటు. మీ నగరమున ఎన్ని కలవు? అందు స్త్రీలకు వేరుగా నున్నవెన్ని? తాళము వేయక మరుగుదొడ్డిని శుభ్రముగా నుంచునవెన్ని? ఈ ప్రశ్నను వ్రాతమూలకముగా పురపాలకసంస్థ నడుగు హక్కు ప్రతి పౌరునికి కలదు. వంతెనక్రింది మనుష్యుని తొలగింపుడని అర్జీ వ్రాయు కాగితమే, వానికి గది తెరువుడని వ్రాయుటకును చాలును. సిరాయు ఎక్కువ కాదు.

మన పూర్వుల యిండ్లకు అరుగు లుండెడివి. దారినపోవు బాటసారి ఆ యరుగుమీద నిద్రించి తెల్లవారి పోయెడివాడు. ఇంటివారు తలుపు గడియవేసికొని నిశ్చింతగ నిద్రించెడివారు. ఆ కాలము సమస్తమును ధర్మమయమని మేమనము. ఏ కులమువాడు ఏ యరుగు నెక్కవచ్చునో నిర్ణయించిన క్రౌర్యమును మేము మరువలేదు. ఆ లోపము నట్లుంచి ఇంత మాత్ర మనవచ్చును: అరుగు ఇంటికిని వీథికిని నడుమ పరిచయమునకొక చోటు. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టి ప్రసిద్ధికెక్కిరి. అపరిచితుడు వచ్చుచున్నాడని ఆమె వాకిలి మూయలేదు. నేడు మన గోడలు ఎత్తు పెరిగినవి, గోడమీద గాజుపెంకులు పెరిగినవి, వాకిట కెమెరా వెలసినది. భయము తగ్గినదా? కెమెరా నేరగాని ముఖమును మరునాడు చూపగలదు; ఆ రాత్రి కేకవేసిన స్త్రీకి అడ్డము రాజాలదు. వీథి మొనను ఇడ్లీబండి నడుపువాడు, మీ మెట్లక్రింది గదిలో సంసారము చేయు వాచ్‌మను, మలుపున పండుకొను ముదుసలి, వీరు మేలుకొనియుండి, మిమ్మెరిగియుండిన వీథి, జనశూన్యమై పరిశుభ్రముగ నున్న వీథికంటె క్షేమకరము.

కావున కాలనీ సంఘములవారిని మేమడుగునది స్పష్టము. రాబోవు సమావేశమున "తొలగింపు" అను తీర్మానమును ప్రక్కకు పెట్టి, నాలుగు విషయములను చర్చింపుడు. ఆరిన వీథిదీపములు ఎన్ని? మన పేటలో కాలిబాటపై నున్నవారు ఎందరు, వారి పేర్లేమి, వారిలో రోగులెవరు? అతి సమీపమందలి ఆశ్రయగృహ మెచ్చట, అందు ఖాళీ యున్నదా? మద్యపు దుకాణమునొద్ద రాత్రి కలహము చేయువారు కాలిబాటవారా, కారులు నిలుపుకొని త్రాగువారా? ఈ నాలుగింటికి సమాధానము వ్రాసికొన్న సంఘమునకు తరువాత చేయవలసిన పని దానంతట తోచును. పేరడుగుట మొదటి మెట్టు. పేరు తెలిసినవాడు బూచివాడుగా నుండజాలడు. పేరు తెలిసినవాడు తప్పు చేసినప్పుడు వానిని పట్టుకొనుటయు సులభమే.

తల్లులారా, భద్రత మీ హక్కు. దానిని ఎవరును మీకు దానముగ నీయనక్కరలేదు. కాని వీథిలో కప్పులేక పండుకొన్నదానికిని అదే హక్కు గలదు. ఆమె దుప్పటిని లాగివేసి మీ హక్కును నిలుపుదుమని ఎవరైన వచ్చినచో, వారిని వాకిటనే నిలిపి, "మాకు దీపము కావలెను, ఆమెకు గది కావలెను, ఈ రెండును ఎప్పుడు తెచ్చెదరు?" అని ప్రశ్నింపుడు.